చంక, వీపు, జోలె: బిడ్డను మోసిన చేతుల చరిత్ర

మహాశివరాత్రి నాడు రామతీర్థంలో ఒక చెట్టునీడన నిలబడి వచ్చేపోయే జనాన్ని చూడటం నాకు చాలాకాలంగా అలవాటు. విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో ఉన్న ఈ ఊరు శ్రీరాముడి క్షేత్రం. అయినా ఇక్కడ పెద్ద జాతర జరిగేది శివరాత్రికే. వచ్చినవారు స్వామిని చూస్తారు, కొండను చూస్తారు. పిల్లల వైద్యంలో జీవితం గడిపినవాడి కళ్ళు మాత్రం పిల్లలమీదికే పోతాయి. తండ్రి మెడమీద కాళ్ళు వేలాడేసుకొని కూర్చొన్న మూడేళ్ళవాడు, అమ్మమ్మ చంకలో ఒదిగిన ఏడాది పిల్ల, కొండప్రాంతం నుంచి వచ్చిన తల్లి వీపున ముతక గుడ్డలో నిద్రపోతున్న చంటిది, పట్నం కోడలు రొమ్ముకు పట్టీలతో కట్టుకొన్న బేబీ క్యారియర్‌లో కాళ్ళు ఆడిస్తున్న ఆరు నెలల బాబు. అరగంటలో మానవజాతి మోత చరిత్ర అంతా కళ్ళముందు నడిచిపోతుంది.

ఈ ఏడు జాతర ముగిసిన కొద్ది రోజులకు ఒక పాఠకురాలు నాకు ఉత్తరం రాశారు. ఆమెకు మూడు నెలల మనుమడు. కోడలు బేబీ క్యారియర్ కొందామంటోంది, కొడుకు ఊఁ అంటున్నాడు, తనకు మాత్రం మనసొప్పడం లేదు. “ఇవేవీ లేకుండానే మేము ముగ్గురిని పెంచలేదా డాక్టరుగారూ? కొనక తప్పదంటే ఏది మంచిదో చెప్పండి” అని అడిగారు. నాలుగు రకాల పేర్లు రాసి పంపితే నా పని తీరిపోయేది. కాని ఆమె అడిగిన మొదటి ప్రశ్న నన్ను వదలలేదు. ఇవేవీ లేకుండా ఎలా పెంచారు? మనవాళ్ళు నిజంగానే ఏ సాధనమూ లేకుండా మోశారా?

లేదు. సాధనం ఎప్పుడూ ఉంది. అయితే దానిని ఎన్నుకొన్న తీరు వేరు. బిడ్డ ముద్దుగా కనిపించాలనో, ఇరుగుపొరుగు కొన్నారనో ఎన్నుకోలేదు. ఆ రోజు మోసేవారి చేతులకు ఉన్న పని ఏమిటి, నడవవలసిన దూరమెంత, బిడ్డ బరువెంత, ఈ మూడూ చూసి ఎన్నుకొన్నారు. ఈ సంగతి చెప్పే కథ ఒకటి రెండు వేల ఏళ్ళకు పూర్వమే మన దేశంలో ప్రచారంలో ఉంది.

రామతీర్థం కొండలు మూడు మతాలకు నెలవైనవి. గురుభక్తులకొండమీద బౌద్ధ విహారాల శిథిలాలు ఉన్నాయి. వాటిని అలెగ్జాండర్ రీ తవ్వించి వెలికి తీసిన వివరాలు పురావస్తు శాఖవారి 1910-11 వార్షిక నివేదికలో ఉన్నాయి. దుర్గకొండ గుహలో జైన విగ్రహాలతోపాటు తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలపు కన్నడ శాసనం ఉంది. ఆ విహారాలలో భిక్షువులు నివసించిన కాలంలో బౌద్ధలోకమంతటా వినిపించిన కథ వెస్సంతర జాతకం. దానశీలుడైన రాజకుమారుడు రాజ్యపు తెల్ల ఏనుగును దానం చేసినందుకు దేశబహిష్కృతుడై, భార్య మద్దితో, ఇద్దరు పిల్లలతో అడవికి బయలుదేరతాడు. దారిలో గుర్రాలను అడిగినవారికి గుర్రాలను, రథాన్ని అడిగినవారికి రథాన్ని ఇచ్చేస్తాడు. ఇక నడకే మిగిలింది. అప్పుడు అతడు భార్యతో చెప్పే మాట వైద్యుడిగా నాకు చాలా ఇష్టం. చిన్నదీ తేలికైనదీ కనుక కూతురు కణ్హాజినను నీవు ఎత్తుకో. పెద్దవాడూ బరువైనవాడూ కనుక జాలిని నేను ఎత్తుకొంటాను అంటాడు. ఈ జాతకాన్ని పల్నాడులోని గోలి గ్రామపు స్తూపం రాళ్ళమీద మన శిల్పులు చెక్కారు. ఆ ఫలకాలు ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి. రాజ్యం, ఏనుగు, రథం అన్నీ పోయిన మనిషి మొదట చేసిన ఆలోచన బరువు పంపకం గురించి! మోత తల్లి ఒక్కతెదే అన్న భావం ఆ కథకుడికి లేదు. ఈనాటి ఇళ్ళలో ఆ భావం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదుగాని, బాలింతల నడుము నొప్పులకు దానికి ఉన్న సంబంధం మాత్రం నాకు బాగా తెలుసు.

మైదానపు తెలుగు ఇల్లాలి సాధనం చంక. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు అన్న సామెత పుట్టిందంటే, బిడ్డ అక్కడ ఉన్న సంగతి మరచిపోయేంతగా ఆ మోత దేహంలో కలిసిపోయిందన్నమాట. ఒక చంకలో బిడ్డ, రెండో చంకలో బిందె. నూతి దగ్గరనుంచి ఇంటికి, ఇంటినుంచి అరుగుమీదికి, అరుగునుంచి దుకాణానికి. దూరం తక్కువ. దించడం ఎత్తడం రోజుకు నూరుసార్లు. ఒక చెయ్యి ఖాళీగా ఉంటే చాలు. అటువంటి దినచర్యకు గుడ్డ కట్టడం, ముడి విప్పడం వృథా శ్రమ. వెడల్పైన నడుము ఎముకమీద బిడ్డ కాళ్ళు అటొకటి ఇటొకటి వేసుకొని కూర్చొంటుంది. తల్లి చెయ్యి వీపును పొదివి పట్టుకొంటుంది.

ఈ కూర్చొనే తీరులో ఒక వైద్య రహస్యం ఉంది. పుట్టిన బిడ్డ తుంటి కీలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. తొడ ఎముక తల గుండ్రని బంతిలాంటిది; అది కూర్చొనే గిన్నె ఇంకా లోతు తక్కువగా, మృదులాస్థితో ఉంటుంది. మోకాళ్ళు మడిచి, తొడలు ఎడంగా ఉన్నప్పుడు బంతి గిన్నెలో సరిగా కుదురుకొంటుంది, గిన్నె దాని చుట్టూ లోతుగా పెరుగుతుంది. కాళ్ళను చాపి, దగ్గరగా బిగించి ఉంచితే బంతి గిన్నె అంచుకు జారుతుంది. చంకలో కూర్చొన్న బిడ్డ కాళ్ళు చూడండి: కప్ప కూర్చొన్నట్టు ఉంటాయి. మన అవ్వలు ఏ ఎముకల శాస్త్రమూ చదవలేదు. వారి నడుము ఆకారమే ఆ పని చేసిపెట్టింది.

చంకమోతలో లోపమూ ఉంది. ఎప్పుడూ ఒకే వైపు మోసే తల్లి వెన్ను ఒక పక్కకు ఒరుగుతుంది. అమెరికా మనస్తత్వవేత్త లీ సాక్ 1960లో ఒక చిన్న పరిశీలన ప్రకటించాడు. కుడిచేతివాటం తల్లులలో 83 శాతం మంది, ఎడమచేతివాటం తల్లులలోనూ 78 శాతం మంది బిడ్డను ఎడమవైపే ఎత్తుకొంటారని అందులో తేలింది. బిడ్డకు తల్లి గుండె చప్పుడు వినిపించడం కోసమని అతడు అన్నాడు. తరువాతివారు వేరే కారణాలు చెప్పారు. కారణం ఏదైనా, ఎడమ నడుము నొప్పితో నా దగ్గరికి వచ్చిన తల్లులకు నేను అడిగే మొదటి ప్రశ్న “బిడ్డను ఏ వైపు ఎత్తుకొంటావమ్మా?” అన్నదే.

ఇంకొక మాట. చంక మెడ నిలిచిన బిడ్డ చోటు. మూడు నెలలలోపు పసికందును మన పెద్దలు చంకన వేసుకోలేదు. రెండు చేతులమీద పడుకోబెట్టుకొన్నారు, లేదా భుజాన ఆనించుకొన్నారు. బాలింతను ఆ రోజులలో ఇల్లు కదలనివ్వకపోవడంలో ఎన్ని మూఢాచారాలు ఉన్నా, మెడ నిలవని బిడ్డను తిప్పకుండా ఉంచడమన్న మేలు ఒకటి అందులో కలిసి ఉంది.

నెల్లిమర్ల నుంచి ఉత్తరానికి, పార్వతీపురం దాటి కొండలవైపు వెళ్ళేకొద్దీ చంక తగ్గి వీపు కనిపిస్తుంది. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట ప్రాంతాల సవర, జాతాపు తల్లులు బిడ్డను గుడ్డతో వీపుకో, వీపుకూ పక్కకూ మధ్యగానో కట్టుకొంటారు. ఉద్యోగపు తొలి రోజులలో, పట్నపు చదువు తెచ్చిన అహంకారంతో, ఒక సవర తల్లిని బిడ్డను అలా మూటలా ఎందుకు కట్టావని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది. “కొండెక్కాల, కర్ర కొట్టాల, సేతులు రెండూ కావాల కద బాబూ” అంది. ఇంతకన్న చక్కని జవాబు తరువాత ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. పోడు వ్యవసాయంలో ఏటవాలు నేలమీద వంగి పని చెయ్యాలి. సంతకు పోవాలంటే గంటల తరబడి నడవాలి, తలమీద గంప ఉంటుంది. బిడ్డ చంకలో ఉంటే తూకం తప్పుతుంది. రొమ్ముమీద ఉంటే కాలికింద నేల కనిపించదు. వీపు ఒక్కటే మిగిలిన చోటు. కొండ, పంట, సంత కలిసి ఆ గుడ్డముడిని నిర్ణయించాయి. (బిడ్డను అంత నేర్పుగా మోసే ఆ తల్లినే పురిటి నొప్పులప్పుడు డోలీ కట్టి మోసుకురావలసిన దారులు మన మన్యంలో ఇప్పటికీ ఉన్నాయి. ఇది వేరొక వ్యాసానికి తగిన విషయం.)

ఊరూరా తిరిగి సోది చెప్పే ఎరుకలసాని రూపమూ మన జానపద ప్రదర్శనలలో ఇటువంటిదే: తలమీద బుట్ట, చేతిలో కర్ర, ఒంటిని అంటిపెట్టుకొన్న బిడ్డ. తిరుమల స్థలపురాణంలో శ్రీనివాసుడు ఆకాశరాజు ఇంటికి ఎరుకలసానిగా వెళ్ళినప్పుడు చంటిబిడ్డ కూడా వెంట ఉంటుంది. బిడ్డ లేకపోతే వేషం నమ్మదగినది కాదని ఆ కథ చెప్పినవారు ఎరుగుదురు.

పొలం సంగతి మరొకటి. ఊడుపుల కాలంలో మోకాలిలోతు బురదలో రోజంతా వంగి నాటే స్త్రీకి బిడ్డను ఒంటిమీద ఉంచుకోవడం సాధ్యం కాదు. అక్కడ మోత కొమ్మకు బదిలీ అయింది. గట్టుమీద చెట్టుకు పాత చీర కట్టి జోలె వేసి, దాని దగ్గర ఆరేడేళ్ళ అక్కను కాపలా ఉంచేవారు. ఆ అక్కకు బడి లేకుండా పోయింది. బిడ్డను మోసే సాధనాల చరిత్రలో లెక్కకు రాని సాధనం ఆ ఆడపిల్ల. నా రోగుల తల్లులలో ఎంతోమంది తమ చదువు ఎందుకు ఆగిపోయిందని అడిగితే “తమ్ముడ్ని సూసుకోడానికి” అనే చెప్పారు.

యంత్రాలు వచ్చాక కొమ్మ కూడా లేకుండా పోయింది. నెల్లిమర్లలో జనపనార మిల్లు ఈ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాల దినచర్యను సైరన్ కూతకు కట్టేసింది. తిరిగే మరల మధ్యకు బిడ్డను తీసుకుపోలేరు. ఇది దేశమంతటా ఉన్న సమస్య కనుకనే 1948 ఫ్యాక్టరీల చట్టం, నిర్ణీత సంఖ్యకు మించి స్త్రీలు పనిచేసేచోట ఆరేళ్ళలోపు పిల్లలకు శిశుసంరక్షణ గది ఉండాలని విధించింది. మొదట 50 మందికి మించితే అన్న నియమాన్ని 1976లో 30కి తగ్గించారు. ఉపాధి హామీ పనులలోనూ ఐదుగురు లేదా అంతకు మించి చిన్నపిల్లలు పనిచోటికి వస్తే, వారిని చూడటానికి ఒక స్త్రీని నియమించి ఆమెకూ కూలి ఇవ్వాలని నియమం ఉంది. అది కాగితంమీద ఎంత బాగుందో గట్టుమీద అంత బాగా కనిపించదని ఎండలో తిరిగినవారందరికీ తెలుసు. మోసే గుడ్డను ఎన్నుకోవడం ఇంటి విషయమేగాని, పనిచోట బిడ్డను దించే చోటు ఉందా లేదా అన్నది ఇంటి చేతిలో లేని విషయం.

ఇక, మా పాఠకురాలి కోడలు కొనదలచిన వస్తువు ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

పాశ్చాత్య దేశాలలో 19వ శతాబ్దంలో సంపన్నుల ఇళ్ళలో బిడ్డ చేతులనుంచి చక్రాల బండిలోకి మారింది. వైద్యులు దానికి శాస్త్రం తోడిచ్చారు. న్యూయార్కు వైద్యుడు లూథర్ ఎమెట్ హోల్ట్ 1894లో తల్లులకోసం ప్రచురించిన ప్రశ్నోత్తరాల పుస్తకం ఊయల ఊపడాన్ని అనవసరమైన, హాని కూడా చేయగల అలవాటుగా వర్ణించింది. 1928లో మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ ఇంకా ముందుకు వెళ్ళి పిల్లలను ముద్దులాడటమే తగదన్నాడు. ఆ గాలి మన వైద్య కళాశాలల దాకా వీచింది. ఒప్పుకోక తప్పదు: నేనూ నా తొలి పదేళ్ళలో ఎంతోమంది తల్లులకు “అస్తమానం ఎత్తుకోకమ్మా, చేతులు మరుగుతాడు” అని చెప్పాను. మన నాయనమ్మలూ ఆ మాటే అంటారు, కాని వారి కారణం వేరు: కోడలికి పని సాగదని. నేను మాత్రం శాస్త్రమనుకొని చెప్పాను. 1986లో మాంట్రియల్‌లో హంజికర్, బార్ అనే పరిశోధకులు 99 మంది తల్లీబిడ్డలతో చేసిన అధ్యయనం నా కళ్ళు తెరిపించింది. ఏడ్చినప్పుడే కాకుండా, మామూలుగా ఉన్నప్పుడు కూడా రోజుకు అదనంగా మూడు గంటలు ఎత్తుకొన్న పిల్లలు ఆరు వారాల వయసులో, మిగిలినవారికన్న 43 శాతం తక్కువ ఏడ్చారు. నేను వద్దని చెప్పిన తల్లులలో ఎందరు నా మాట వినలేదో, వారందరికీ నా కృతజ్ఞతలు.

పడమటివారు గుడ్డను తిరిగి నేర్చుకొన్నది 1960ల తరువాతే, అదీ పనిచేసే ఇతర దేశపు స్త్రీలను చూసి. ఆన్ మూర్ అనే అమెరికా నర్సు పీస్ కోర్ తరఫున ఆఫ్రికాలోని టోగోలో పనిచేసి, అక్కడి తల్లుల వీపులమీద పిల్లలు ఎంత నెమ్మదిగా ఉంటారో చూసింది. 1964లో తనకు కూతురు పుట్టాక అదే విధంగా కట్టుకోబోతే గుడ్డ జారిపోయింది. అప్పుడు ఆమె తల్లి ఒక సంచిని కుట్టి, కాళ్ళకు రంధ్రాలు పెట్టి, భుజాలకు పట్టీలు అమర్చింది. దానికి 1969లో పేటెంటు వచ్చింది. ‘స్నగ్లీ’ పేరుతో ప్రసిద్ధి కెక్కింది. జర్మనీలో ఎరికా హాఫ్‌మన్ అనే కవల పిల్లల తల్లి లాటిన్ అమెరికానుంచి వచ్చిన నేతగుడ్డతో పిల్లలను కట్టుకొని, 1972లో అటువంటి గుడ్డల వ్యాపారం ప్రారంభించింది.

మూడో దారి ఆసుపత్రినుంచి వచ్చింది. అన్నిటికన్న విలువైనది అదే. కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అనే వైద్యుడు 1978లో, ఇంక్యుబేటర్లు చాలక, ఒకే దానిలో ఇద్దరు ముగ్గురు నెలతక్కువ పిల్లలను పెట్టవలసి వచ్చి, అంటురోగాలతో వారు పోతూంటే, బిడ్డను తల్లి రొమ్ములమధ్య చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా కట్టించాడు. అదే కంగారూ మదర్ కేర్. 2021లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో మన దేశంతోపాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా పాల్గొన్నాయి. ఒక కిలోనుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన పిల్లలకు, స్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే, తొలి నెల మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఒక పాత పంచె, ఒక తల్లి రొమ్ము చేసిన పని ఇది. మా ఇళ్ళలో తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను దూదిలో చుట్టి మూల పడుకోబెట్టేవారు. ఎందరిని అలా పోగొట్టుకొన్నామో తలచుకోవడానికి మనసు రాదు.

ఇలా వచ్చిన సాధనాలు అంగడి సరుకుగా మారినప్పుడు ఒక పొరపాటు జరిగింది. గుడ్డ వచ్చింది, గుడ్డలో బిడ్డ కూర్చొనే తీరు రాలేదు. కాళ్ళమధ్య సన్నని పట్టీతో, బిడ్డ తొడలకు ఆధారం లేక కాళ్ళు నిలువుగా వేలాడే సంచులు వచ్చాయి. కాళ్ళు చాపి బిగించడం ఏం చేస్తుందో జపానువారికి అప్పటికే తెలుసు. అక్కడ పసిపిల్లల కాళ్ళను చాపి చుట్టే ఆచారం ఉండేది. 1965కు ముందు తుంటి కీలు తొలగడం నూటికి 1.1 నుంచి 3.5 మందిలో కనిపించేది. కాళ్ళు మడుచుకోనివ్వండని 1975 ప్రాంతంలో దేశవ్యాప్త ప్రచారం చేశాక అది 0.2 శాతం కన్న తక్కువకు దిగింది. ఉత్తర అమెరికా ఆదివాసులలో బిడ్డను కాళ్ళు చాపి పలకకు కట్టే తెగలలో ఈ వ్యాధి ఎక్కువగానూ, వీపున కాళ్ళు ఎడంగా పెట్టి మోసే ఆఫ్రికా ప్రజలలో చాలా అరుదుగానూ ఉండటం కూడా అదే చెబుతుంది. సన్నని పట్టీ సంచిలో రోజుకు పది నిమిషాలు ఉన్నంతమాత్రాన తుంటి తొలగిపోదు. కాని గంటల తరబడి వాడేవారు, ముఖ్యంగా ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డ ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా తుంటి లోపం ఉన్నవారు జాగ్రత్తపడాలి. ఇంగ్లండులో, అమెరికాలో నిపుణులు మొదటి ఆరు నెలలు బిడ్డ ముఖం మోసేవారివైపే ఉండాలంటారు. తొడలు పూర్తిగా ఆనుకొని, మోకాళ్ళు పిరుదులకన్న కొంచెం పైకి ఉండాలంటారు. అది మన చంక ఆసనమే.

రెండో పొరపాటు ప్రాణాంతకం. ఒక భుజానికి వేలాడే లోతైన సంచిలో పసికందును వంకరగా పడుకోబెడితే, గడ్డం రొమ్ముకు ఆని శ్వాసనాళం నలుగుతుంది. ఆ వయసు బిడ్డ తల తానై ఎత్తుకోలేదు, ఏడవనూ లేదు. లేదా ముక్కు గుడ్డకు అదుముకొంటుంది. అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం 2010 మార్చిలో ఇటువంటి సంచులతో 20 ఏళ్ళలో కనీసం 14 మరణాలు జరిగాయని, వాటిలో 12 నాలుగు నెలల లోపు పిల్లలవని హెచ్చరించింది.

నేను పదవీ విరమణకు రెండేళ్ళ ముందు ఒక దంపతులు ఏడు వారాల పిల్లను అటువంటి సంచిలో తెచ్చారు. టీకాకోసం వచ్చారు, వరుసలో కూర్చొన్నారు. పిల్ల ఎంత బుద్ధిగా నిద్రపోతోందో అని పక్కనున్న ముసలమ్మ మెచ్చుకొంటోంది. సంచి అంచు తొలగించి చూసేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. బయటికి తీసి, మెడ సరిచేసి, వీపు రుద్దగానే ఊపిరి తీసుకొని కెవ్వుమంది. అంతే, మరేమీ చెయ్యవలసిన అవసరం రాలేదు. తల్లికి మాత్రం ఆ రోజంతా ఒణుకు తగ్గలేదు. బిడ్డ మౌనం ఎల్లప్పుడూ సుఖానికి గుర్తు కాదన్న సంగతి ఆ తరువాత నేను చెప్పని తల్లి లేదు.

ఇప్పుడు మా పాఠకురాలికి నేను రాసిన జవాబులోని ముఖ్యభాగం చెబుతాను. నేను ఆమెను తిరిగి అడిగింది ఒకటే: మీ ఇంట్లో ఒక మామూలు రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా ఎలా గడుస్తుందో రాసి పంపండి. ఆమె రాసిన దాన్నిబట్టి కోడలు ఇంట్లోనే కంప్యూటర్‌మీద పనిచేస్తుంది. కొడుకు మోటారుసైకిలుమీద ఉద్యోగానికి వెళ్ళి చీకటిపడ్డాక వస్తాడు. పగలు బిడ్డను ఎత్తుకొనేది ఎక్కువగా ఈమే. వారానికొకసారి అందరూ రామతీర్థం గుడికి వెళతారు.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. అరవై దాటిన మనిషి తొమ్మిది కిలోల ఏడాది పిల్లాడిని చంకన పెట్టుకొని తిరగడం నేను ఒప్పుకోను. ఆమె కూర్చొని ఒళ్ళో ఆడించాలి, నేలమీద చాపేసి పక్కన ఉండాలి. ఆమెకు ఏ సాధనమూ వద్దు. కోడలు పనిచేసే వేళ బిడ్డను రొమ్ముకు కట్టుకొని గంటలసేపు కుర్చీలో వంగి కూర్చొంటే ఇద్దరికీ మంచిది కాదు. పని మధ్యలో లేచి నడిచే అరగంటకు మెత్తని నూలుగుడ్డ కట్టు చాలు. దానికి పొందూరు ఖద్దరో, బాగా ఉతికిన పాత నేతచీరో సరిపోతుంది. మన తీరపు ఉక్కపోతలో స్పంజి దట్టించిన విదేశీ సంచికన్న అదే మేలు. తల్లి ఒంటి వేడి, గుడ్డ, బిడ్డ చొక్కా అన్నీ కలిస్తే బిడ్డకు మూడు పొరలు అవుతాయి. మెడ వెనుక చెయ్యి పెట్టి చూసి, చెమట పట్టి ఉంటే విప్పెయ్యాలి. కట్టడం నేర్చుకొనేటప్పుడు మంచంమీద కూర్చొని, ఎవరైనా పక్కన ఉండగా నేర్చుకోవాలి. బిడ్డ ముఖం ఎప్పుడూ కనిపించాలి, తల ముద్దుపెట్టుకోదగినంత దగ్గరగా ఉండాలి, గడ్డానికీ రొమ్ముకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి. పొయ్యి దగ్గరికి బిడ్డను ఒంటిమీద ఉంచుకొని ఎవరూ పోకూడదు. మరుగుతున్న పులుసు ఎదురుగా రొమ్మున కట్టిన బిడ్డను నేను ఎన్ని వంటిళ్ళలో చూశానో!

క్యారియర్ కొనాలంటే కొడుకు కొలతకు కొనమన్నాను. గుడికి, సంతకు, సాయంత్రపు నడకకు అతడే మోయాలి. నడుముకు వెడల్పాటి పట్టీ ఉండి, బరువు భుజాలమీద కాక తుంటి ఎముకమీద పడేది, బిడ్డ ఒక మోకాలినుంచి రెండో మోకాలిదాకా ఆనుకొనేంత వెడల్పు పీఠం ఉన్నది చూసుకోవాలి. అంగడిలో బిడ్డతోనే వేసి చూడాలి; పావుగంట నడిచి చూడాలి. అంగడివాడు ఒప్పుకోకపోతే ఆ అంగడి వద్దు.

మోటారుసైకిలు సంగతి గట్టిగానే రాశాను. బేబీ క్యారియర్ భద్రతా పట్టీ కాదు. తొమ్మిది నెలలనుంచి నాలుగేళ్ళలోపు పిల్లలను బండిమీద తీసుకువెళ్ళేటప్పుడు భద్రతా పట్టీ, శిరస్త్రాణం ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రప్రభుత్వం 2022లో నియమం చేసింది. అది 2023 ఫిబ్రవరినుంచి అమలులోకి వచ్చింది. తొమ్మిది నెలలలోపు బిడ్డకు బండే తగదని నా అభిప్రాయం. రామతీర్థానికి బస్సు ఉంది, ఆటో ఉంది.

ఆమె పదిరోజుల తరువాత మళ్ళీ రాశారు. కొడుకు విజయనగరంలో ఒక క్యారియర్ కొన్నాడట. మొదటి రోజు అతడు దానిని వేసుకొని వీధిలోకి వెళితే, ఆడంగి పని అని ఎదురింటి పెద్దాయన నవ్వాడట. వెస్సంతరుడి కథ ఆయనకు చెప్పమని జవాబు రాశాను.